బలి: కేటె కోల్విట్స్ ఉడ్‌కట్

జర్మన్ చిత్రకారిణి కేటె కోల్విట్స్ 1922లో చెక్క మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మ ‘బలి’. జర్మన్‌లో దీని పేరు ‘దాస్ ఒప్ఫర్’. మరుసటి ఏడు డ్రెస్డెన్‌లోని ఎమిల్ రిఖ్టర్ సంస్థ ‘యుద్ధం’ పేరిట వెలువరించిన ఏడు ఉడ్‌కట్‌ల సంపుటిలో ఇది మొదటి బొమ్మ. అచ్చు పడిన మేర సుమారు 37 సెంటీమీటర్ల ఎత్తు, 40 సెంటీమీటర్ల వెడల్పు. ఒళ్లో పెట్టుకుని చూడదగ్గ పరిమాణం. దీని ప్రతులు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోనూ, కొలోన్ నగరంలో ఆమె పేరిట వెలసిన మ్యూజియంలోనూ, ఇంకా పలుచోట్లా ఉన్నాయి.

బొమ్మలో ఒక తల్లి, ఒక పసికందు. ఇంకెవరూ లేరు. తల్లి ఒంటి మీద బట్టలు లేవు. నల్లటి పెద్ద వస్త్రం ఒకటి ఆమె చుట్టూ గూడులా తెరుచుకుని ఉంది. రెండు చేతులతో బిడ్డను పైకెత్తి పట్టుకుంది. వాడు నిద్రలో ఉన్నాడు. ఆమె ముఖంలో పూజ చేస్తున్న మనిషి తన్మయత్వం ఉందనుకుంటే ఉంది, నొప్పిని పళ్ల బిగువున ఆపుకుంటున్న మనిషి బిగింపు ఉందనుకుంటే అదీ ఉంది. ఆ చేతులు బిడ్డను ఇచ్చేస్తున్నాయో, ఇవ్వలేక పట్టుకుని ఉన్నాయో ఎంతసేపు చూసినా తేలదు. బిడ్డను అందుకునేవాళ్లు ఎవరో బొమ్మలో లేదు.

పేరులోనే అసలు చిక్కు ఉంది. జర్మన్‌లో ‘ఒప్ఫర్’ అనే ఒక్క మాటకు రెండు అర్థాలు. దేవుడికో దేశానికో తనంత తానుగా సమర్పించేది ఒప్ఫర్. ఎవరి చేతిలోనో, ఏ ప్రమాదంలోనో అన్యాయంగా పోయినవాడూ ఒప్ఫరే. చాలా భాషల్లో ఈ రెండింటికీ వేర్వేరు మాటలు ఉంటాయి కనుక అనువాదకులు ఏదో ఒక అర్థానికి కట్టుబడక తప్పదు. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. బలి ఇస్తాం, బలి అవుతాం. మాట ఒకటే, క్రియ మారితే ఇచ్చినవాళ్లు పోయినవాళ్లవుతారు. కోల్విట్స్ జీవితంలో ఆ మాట మొదటి అర్థం నుంచి రెండో అర్థానికి జరగడానికి సుమారు ఎనిమిదేళ్లు పట్టింది. ఈ బొమ్మ ఆ ఎనిమిదేళ్ల ఫలితం.

ఆమె 1867 జూలై 8న తూర్పు ప్రష్యాలోని క్యోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టింది. ఆ ఊరు నేడు రష్యాలోని కలినిన్‌గ్రాద్. తాత యూలియస్ రుప్ప్ అధికారిక చర్చిని కాదని స్వతంత్ర మత సమాజాన్ని నెలకొల్పినవాడు. 1891లో డాక్టర్ కార్ల్ కోల్విట్స్‌ను పెళ్లాడి బెర్లిన్‌కు వచ్చింది. ఉత్తర బెర్లిన్ కార్మికవాడలో ఆయన దవాఖానా నడిపేవాడు. రోగం కన్నా ఆకలి ఎక్కువ బాధపెట్టే ఆడవాళ్లు ఆ గడప ఎక్కేవారు, ఆమె వాళ్లను చూస్తూ, వింటూ, గీస్తూ ఉండేది. ‘నేతగాళ్ల తిరుగుబాటు’ చిత్రమాలను 1898లో బెర్లిన్ ప్రదర్శనలో స్వర్ణ పతకానికి న్యాయనిర్ణేతలు సిఫారసు చేస్తే కైజర్ రెండవ విల్‌హెల్మ్ ఒప్పుకోలేదు. తర్వాత వచ్చిన ‘రైతుల యుద్ధం’ చిత్రమాలతో ఆమె జర్మనీలో పేరున్న ప్రింట్ కళాకారులలో ఒకరైంది. అప్పటికి ఆమె చేతిలో ఉన్నది ఎచింగ్, అంటే రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు తినిపించి అచ్చు తీసే పని. ఉడ్‌కట్ జోలికి అప్పటికి పోలేదు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేటప్పటికి చిన్నకొడుకు పీటర్ స్నేహితులతో నార్వే యాత్రలో ఉన్నాడు. వెంటనే తిరిగివచ్చి సైన్యంలో చేరతానన్నాడు. వయసు పద్దెనిమిది. మైనర్ కావడంతో తండ్రి అనుమతి కావాలి. కార్ల్ ససేమిరా అన్నాడు. పీటర్ తల్లి వైపు చూశాడు. ఆగస్టు 10 సాయంత్రం ఆమె లేచి, కొడుకు తరఫున భర్తను బతిమాలింది. కార్ల్ ఒప్పుకున్నాడు. ఇదంతా ఆమె డైరీలో ఉంది. ఆ నెలాఖరులోనే నవలా రచయిత్రి గాబ్రియేలె రాయిటర్ ఒక పత్రికలో రాసిన వ్యాసాన్ని కోల్విట్స్ చదివింది. బలి ఇవ్వడంలో ఉండే ఆనందం గురించి అందులో వచ్చిన ప్రస్తావన ఆమెను కుదిపేసింది. పెంచుకున్న బిడ్డలను ఫిరంగుల ఎదుటికి పంపే ధైర్యం ఆడవాళ్లకు ఎక్కడినుంచి వస్తోందని డైరీలో తనను తానే ప్రశ్నించుకుంది.

అక్టోబరు 22 అర్ధరాత్రి వేళ బెల్జియంలోని డిక్స్‌ముయిడె దగ్గర పీటర్ చనిపోయాడు. బెర్లిన్ వదిలి రెండు వారాలు కూడా కాలేదు.

కొడుకు పోయిన తల్లులు ఆ ఏడు యూరప్‌లో లక్షల్లో ఉన్నారు. కోల్విట్స్ దుఃఖంలో ఒక అదనపు ముల్లు ఉంది. తండ్రి ఆపాడు, తల్లి ఒప్పించింది. ఈ సంగతి తెలిశాక ‘బలి’ని మామూలు యుద్ధ వ్యతిరేక చిత్రంగా చూడడం కుదరదు. పైకెత్తిన ఆ చేతుల్లో ఆమె తన చేతులనే చెక్కింది. పాలకులను నిందించే బొమ్మలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి, వాటి అవసరమూ ఉంది. తాను కూడా ఈ పనిలో పాలుపంచుకున్నానని ఒప్పుకున్న బొమ్మలు అరుదు. అందుకే నూరేళ్లు దాటినా దీని పదును తగ్గలేదు.

మనసు మారడం ఒక్క రోజులో జరగలేదు. మొదట్లో కొడుకు చావుకు అర్థం ఉందనే నమ్మకాన్ని పట్టుకుని వేలాడింది. అది అబద్ధమని ఒప్పుకుంటే వాడికి ద్రోహం చేసినట్టవుతుందేమోనన్న భయం డైరీ పొడవునా కనబడుతుంది. 1918 అక్టోబరులో, జర్మనీ ఓటమి ఖాయమైన దశలో, కవి రిఖర్డ్ డేమెల్ మరోసారి స్వచ్ఛందంగా ముందుకు రమ్మని యువకులకు పత్రికలో పిలుపునిచ్చాడు. కోల్విట్స్ బహిరంగంగా జవాబు రాసింది: చచ్చినవాళ్లు చాలు, ఇక ఒక్కడు కూడా పోకూడదు అన్నది దాని సారాంశం. విత్తనానికి దాచిన గింజను పిండి కొట్టకూడదన్న గేటె మాటను ఆ జవాబులో గుర్తుచేసింది. పస్తున్నా విత్తనాల మూట ముట్టని రైతు ఇంట పుట్టినవాళ్లకు ఆ మాట వేరే వివరించనక్కర్లేదు.

యుద్ధం గురించి బొమ్మలు వేయాలన్న తపన అప్పటికే మొదలైంది గానీ చేయి కుదరలేదు. ఎచింగ్ ప్రయత్నించింది, నచ్చలేదు. రాతి అచ్చుకు మారింది, అదీ తృప్తినివ్వలేదు. ఎచింగ్‌లో సూది వందల సన్నగీతలు గీస్తుంది, ప్రతి ముడతనూ ప్రతి నీడనూ చూపిస్తుంది. ఆమె చెప్పదలచుకున్న విషయానికి అన్ని వివరాలు అడ్డం. 1920 జూన్ చివర బెర్లిన్ ప్రదర్శనలో శిల్పి ఎర్న్స్ట్ బార్లాఖ్ చేసిన ఉడ్‌కట్‌లు చూసి నిశ్చేష్టురాలైంది. అప్పటికి ఆమెకు యాభై మూడో ఏడు నడుస్తోంది. దేశంలో పేరున్న కళాకారిణి, ప్రష్యన్ కళా అకాడమీకి అంతకు ముందు ఏడే ఎన్నికైన మొదటి మహిళ. అంత స్థాయిలో ఉండి, చేయి తిరిగిన పద్ధతిని పక్కనపెట్టి, ఉలి పట్టడం మొదటినుంచి నేర్చుకుంది.

ఆ కొత్త పద్ధతిలో మొదట పూర్తయిన పెద్ద బొమ్మ కార్ల్ లీబ్‌క్నెఖ్ట్ స్మారక చిత్రం. 1919 జనవరి 15న హత్యకు గురైన ఆ విప్లవ నాయకుడి భౌతికకాయాన్ని, కుటుంబం కోరిక మీద ఆమె శవాగారంలో గీసింది. ఆయన పార్టీతో ఆమెకు సంబంధం లేదు. శవం చుట్టూ చేరిన కార్మికుల దుఃఖం ఆమెకు ముఖ్యం. ఎచింగ్‌లో, రాతి అచ్చులో కుదరని ఆ బొమ్మ 1920లో చెక్క మీద కుదిరింది.

ఉడ్‌కట్ పని చూడడానికి చాలా తేలిక. పలకగా కోసి నున్నగా చేసిన చెక్క మీద బొమ్మను కుడిఎడమలుగా తిప్పి గీస్తారు. కాగితం మీద తెల్లగా ఉండాల్సిన చోటల్లా కత్తితో, గుండ్రటి మొన ఉన్న ఉలితో తొలిచేస్తారు. మిగిలిన మెట్ట భాగం మీద రోలర్‌తో సిరా పూసి, కాగితం పరిచి, ఒత్తుతారు. ఉలి తాకని చోటు నలుపు, తొలిచిన చోటు తెలుపు. అంటే ఈ కళలో వెలుగు కావాలంటే చెక్క పోవాలి. పోయిన ముక్క తిరిగి అతకదు, సరిచేసుకునే దారి దాదాపు లేదు. ‘బలి’లో నలుపే ఎక్కువ. తల్లి ఛాతీ, చేతులు, బిడ్డ ఒళ్లు, కొద్దిపాటి ముఖం, వీటన్నిటినీ ఆమె చీకటిలోంచి తవ్వి తీసింది. అంచుల్లో ఉలి గాట్లు దాచిపెట్టలేదు. దగ్గరగా చూస్తే ప్రతి తెల్లటి గీతా ఒక దెబ్బ అని తెలుస్తుంది.

జర్మనీకి ఈ కళ కొత్తది కాదు. 1498లో ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్ ‘అపొకలిప్స్’ ఉడ్‌కట్‌లు వెలువరించాడు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఫొటో ఆధారిత అచ్చు పద్ధతులు వచ్చి చెక్క దిమ్మలకు పని లేకుండా చేశాయి. రోజువారీ అవసరం పోయిన తర్వాతే కళాకారులు దాన్ని మళ్లీ చేపట్టారు. 1905లో డ్రెస్డెన్‌లో ఎర్న్స్ట్ లుడ్విగ్ కిర్ష్‌నర్, ఎరిఖ్ హెకెల్, కార్ల్ ష్మిట్-రాట్‌లుఫ్, ఫ్రిట్స్ బ్లైల్ అనే నలుగురు వాస్తుశాస్త్ర విద్యార్థులు ‘వంతెన’ అనే అర్థం వచ్చే ‘బ్రూకె’ బృందాన్ని స్థాపించారు. మరుసటి ఏడు తమ ప్రకటనను కూడా చెక్క మీదే చెక్కి అచ్చు తీశారు. చెక్క ఒరిపిడి, పదునైన కోణాలు, మొరటుదనం వాళ్లకు ఇష్టం. 1919లో వైమార్‌లో బౌహౌస్ కళాశాల తెరిచినప్పుడు దాని ప్రకటన ముఖపత్రం మీద లియోనెల్ ఫైనింగర్ చెక్కిన ప్రార్థనాలయం ఉడ్‌కట్టే. కోల్విట్స్ ఈ గుంపుల్లో దేనికీ చెందదు. ఆమె బొమ్మల్లో మనిషి ఆకారం ఎన్నడూ విరిగిపోదు. యువ కళాకారులు రూపం కోసం చెక్కను వెతుక్కుంటే ఆమె మాటలు తగ్గించుకోవడానికి చెక్క దగ్గరికి వచ్చింది.

సంపుటిలో మిగతా ఆరు బొమ్మలు: ‘స్వచ్ఛంద సైనికులు’, ‘తల్లిదండ్రులు’, ‘వితంతువు’ రెండు, ‘తల్లులు’, ‘ప్రజలు’. స్వచ్ఛంద సైనికులలో డప్పు కొట్టుకుంటూ పోయే మృత్యువు వెనక కుర్రవాళ్లు తన్మయంతో కొట్టుకుపోతుంటారు. మృత్యువుకు ఆనుకుని ఉన్నవాడు పీటర్ అంటారు. తల్లిదండ్రుల బొమ్మలో ఇద్దరు మనుషులు మోకాళ్ల మీద ఒకరిలో ఒకరు కూరుకుపోయి ఒకే కొండలా ఉంటారు. ఈ ఒక్కదాన్ని ఆమె పదేపదే చెక్కింది. మొదటి వితంతువు గర్భిణి. రెండో వితంతువు బిడ్డతో సహా నేలకొరిగి ఉంది. ‘తల్లులు’లో ఆడవాళ్లు పిల్లలను మధ్యలో పెట్టుకుని, చేతులు పెనవేసి, దడి కట్టినట్టు నిలబడతారు. మొదటి బొమ్మలో బిడ్డను పైకెత్తిన చేతులు ఆరో బొమ్మకు వచ్చేసరికి బిడ్డను వదలని చేతులయ్యాయి. ఈ వరుసను బట్టి చూస్తే సంపుటిలో ఒక కథ ఉంది, అది ఆమె సొంత కథ కూడా.

శత్రువు, కందకం, తుపాకీ ఈ ఏడింటిలో ఎక్కడా లేవు. 1924లో ఒట్టో డిక్స్ అదే ‘యుద్ధం’ పేరుతో 50 ఎచింగ్‌ల సంపుటి తెచ్చాడు. ఆయన స్వయంగా యుద్ధరంగంలో పోరాడినవాడు. కుళ్లిన శవాలు, గ్యాస్ ముసుగులు, పగిలిన పుర్రెలు, ఏదీ దాచలేదు. రెండూ గొప్ప పనులే. డిక్స్ కందకంలో చూసిన దాన్ని ముందుంచాడు. కోల్విట్స్ తపాలా బంట్రోతు వార్త తెచ్చిన ఇంటిని ముందుంచింది. యుద్ధం ముగిసిన తర్వాత కూడా ఆ ఇంట్లో అది ముగియదు.

1922 అక్టోబరులో ఫ్రెంచ్ రచయిత రొమె రొలాకు రాసిన ఉత్తరంలో, యుద్ధానికి రూపం ఇవ్వడానికి మళ్లీమళ్లీ ప్రయత్నించి ఓడిపోయాననీ, ఇప్పుడు కొంతవరకు చెప్పగలిగాననీ, ఈ బొమ్మలు లోకమంతా తిరిగి ఆ ఏళ్లలో అందరూ మోసిన దాన్ని చెప్పాలనీ తన కోరిక తెలిపింది. బొమ్మలు నిజంగానే తిరిగాయి. ‘బలి’ మాత్రం ఆమె ఊహించని చోటికి పోయింది.

1931 ఫిబ్రవరి 7న షాంఘైలో రౌ షి అనే యువ రచయితను ప్రభుత్వం మరికొందరితో కలిపి కాల్చి చంపింది. చైనా ఆధునిక సాహిత్యానికి పెద్దదిక్కయిన లూ షున్‌కు రౌ షి ఆప్తుడు. ఉడ్‌కట్‌లు, విదేశీ పుస్తకాల ప్రచురణలో వాళ్లిద్దరూ కలిసి పనిచేశారు. ఆ హత్య గురించి బహిరంగంగా రాసే వీలు లేదు. రౌ షి తల్లికి చూపు లేదు, కొడుకు పోయిన సంగతి ఆమెకు చెప్పినవాళ్లూ లేరు. ఆ సెప్టెంబరులో ‘బెయ్‌డౌ’ అనే పత్రిక మొదలైంది. ఆ పేరు మన సప్తర్షి మండలంలోని ఏడు చుక్కలది. తొలి సంచికకు లూ షున్ వ్యాసం ఇవ్వలేదు, ‘బలి’ బొమ్మ ఇచ్చాడు. తల్లి కొడుకును అర్పిస్తున్న ఆ బొమ్మే రౌ షికి తన గుండెలో చేసుకున్న సంతాపసభ అని రెండేళ్ల తర్వాత ఒక వ్యాసంలో బయటపెట్టాడు. బొమ్మను అచ్చువేసిన రోజున పాఠకుల్లో ఎందరికి అసలు సంగతి అందిందో గానీ, చూపులేని ఆ తల్లి కోసం లూ షున్ ఎంచుకున్న బొమ్మ ఇదే కావడం యాదృచ్ఛికం కాదు.

1931 ఆగస్టులోనే లూ షున్ షాంఘైలో 13 మంది యువకులకు ఉడ్‌కట్ శిక్షణ ఏర్పాటు చేశాడు. ఉచియామా కకిచి అనే జపాన్ ఉపాధ్యాయుడు పాఠం చెబితే లూ షున్ పక్కన కూర్చుని చైనా భాషలోకి అనువదించాడు. చైనా ఆధునిక ఉడ్‌కట్ ఉద్యమం అక్కడ మొదలైందంటారు. 1936లో 21 చిత్రాలతో కోల్విట్స్ సంపుటిని లూ షున్ సొంతంగా ప్రచురించాడు. వేసినవి 103 ప్రతులు. ఆ అక్టోబరులోనే ఆయన చనిపోయాడు.

ఆ సంపుటికి ముందుమాట రాసింది అమెరికన్ రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ. ఓల్గా అనువదించిన ‘భూమి పుత్రిక’ ద్వారా ఆమె తెలుగు పాఠకులకు తెలిసిన మనిషే. చైనాకు రాకముందు 1920లలో ఆమె బెర్లిన్‌లో ఉండేది. అక్కడ ఆమె సహచరుడు భారత విప్లవకారుడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. హైదరాబాదులో పుట్టినవాడు, నిజాం కళాశాలతో ముడిపడిన అఘోరనాథ్ కొడుకు, సరోజినీ నాయుడుకు తమ్ముడు. ఆ బెర్లిన్ రోజుల్లోనే స్మెడ్లీకి కోల్విట్స్‌తో పరిచయమైంది. షాంఘైకి కోల్విట్స్ ప్రింట్లు చేరడంలో ఆమె చేయి ఉంది.

చైనా ఉడ్‌కట్‌లు 1940లలో భారతదేశానికి వచ్చాయి. బెంగాల్ కరువును, తెభాగా రైతు పోరాటాన్ని చిత్రించిన సోమనాథ్ హోర్, చిత్తప్రసాద్ వంటివాళ్ల మీద వాటి ముద్ర, వాటి వెనకున్న కోల్విట్స్ ముద్ర స్పష్టం. బెర్లిన్‌లో చెక్కిన గీత షాంఘై మీదుగా కలకత్తా చేరిందనవచ్చు.

సొంత దేశంలో బొమ్మలకూ మనిషికీ కూడా గడ్డురోజులు వచ్చాయి. హిట్లర్‌కు వ్యతిరేకంగా వామపక్షాలు ఏకం కావాలన్న విజ్ఞప్తి మీద సంతకం పెట్టినందుకు 1933లో అకాడమీ నుంచి బలవంతంగా రాజీనామా చేయించారు. 1936లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఇంటికి వచ్చి నిర్బంధ శిబిరానికి పంపుతామని బెదిరించింది. ఆమె పనులు ప్రదర్శనల నుంచి మాయమయ్యాయి. 1940లో భర్త పోయాడు. 1942లో, పీటర్ పేరే పెట్టుకున్న మనవడు రష్యాలో యుద్ధంలో చనిపోయాడు. ఆ ఏడు వేసిన చివరి రాతి అచ్చు బొమ్మకు పాతికేళ్ల నాటి ఆ విత్తనపు గింజల మాటనే పేరుగా పెట్టింది. 1943 నవంబరులో బాంబుదాడిలో ఇల్లు కాలిపోయింది, ఎన్నో డ్రాయింగులు, ప్రింట్లు దాంతోపాటు పోయాయి. డ్రెస్డెన్ దగ్గరి మోరిట్స్‌బుర్గ్‌లో 1945 ఏప్రిల్ 22న కన్నుమూసింది. యూరప్‌లో యుద్ధం ఆగడానికి ఇంకా పదహారు రోజులు ఉంది.

‘ఒప్ఫర్’ అన్న మాట ఆమెను తర్వాత కూడా వదల్లేదు. జర్మనీ ఏకమయ్యాక బెర్లిన్‌లోని ‘నోయె వాఖె’ భవనాన్ని 1993 నవంబరులో జాతీయ స్మారకంగా మార్చారు. అక్కడ ఉంచింది ఆమె 1930ల చివర చేసిన చిన్న శిల్పానికి నాలుగింతలు పెద్ద ప్రతి: చనిపోయిన కొడుకును కాళ్ల మధ్య పొదువుకుని కూర్చున్న ముసలి తల్లి. ముందు నేల మీద చెక్కిన వాక్యం ఆ స్మారకం యుద్ధానికీ నిరంకుశ పాలనకూ ‘ఒప్ఫర్’ అయినవారికి అంకితమని చెబుతుంది. చరిత్రకారుడు రైన్‌హార్ట్ కోసెలెక్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పోరాడి చచ్చిన సైనికుడినీ, శిబిరాల్లో హత్యకు గురైన యూదులనూ ఒకే మాట కింద కలిపేస్తే ఎవరు చంపారో, ఎవరు చచ్చారో తెలియకుండా పోతుందన్నది ఆయన అభ్యంతరం. అభ్యంతరం న్యాయమైనదే. ఒక తల్లి తన నేరభావాన్ని వెతుక్కోవడానికి పనికొచ్చిన రెండర్థాల మాట, ఒక రాజ్యం వాడితే అదే నేరాన్ని మరుగుపరచగలదు.

‘బలి’ అసలు ప్రతిని చూడదలచుకున్నవాళ్లకు కొలోన్ అనువైన చోటు. 1985లో తెరిచిన అక్కడి మ్యూజియం ఆమె పనుల అతి పెద్ద సేకరణ. బెర్లిన్‌లో ఆమె పేరిట ఉన్న మ్యూజియం ఇప్పుడు షార్లొటెన్‌బుర్గ్ రాజప్రాసాద ఆవరణలో ఉంది. 2024లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె జీవితకాలపు పనితో పెద్ద ప్రదర్శన జరిపింది. కాగితం మీది అచ్చులు వెలుతురుకు పాడవుతాయి కనుక ఏ మ్యూజియమైనా వాటిని మసక దీపాల కింద కొన్ని నెలలే గోడకు పెట్టి, తిరిగి పెట్టెల్లో భద్రపరుస్తుంది. అందుకని ఏడాది పొడవునా గోడ మీద దొరికే బొమ్మ కాదిది. వెళ్లే ముందు ఆ నెలలో ఏమి ప్రదర్శిస్తున్నారో కనుక్కోవాలి. చాలా పెద్ద మ్యూజియాల్లో ప్రింట్లు చూసుకునే గది ఉంటుంది. ముందుగా అడిగితే పెట్టె తెరిచి, బల్ల మీద పరిచి చూపిస్తారు. ఉలి దిగిన గాట్లు గాజుపలక అడ్డం లేకుండా ఆ బల్ల మీదే బాగా కనబడతాయి.